తిరుమల కాలినడకకు స్వాములను తీసుకెళ్లే గురుస్వాములకు, రామాలయాల పెద్దలకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా, నమస్కారం.

సంక్రాంతి వెళ్లి దాళ్వా (రెండో పంట) వరినాట్లు పూర్తికాగానే కోనసీమ నుంచి, నరసాపురం, పాలకొల్లు, భీమవరం వైపు ఊళ్ల నుంచి తిరుమలకు కాలినడక బృందాలు కదులుతాయి. ఆ స్వాముల కాళ్లకు దారి శిబిరాల్లో కట్లు కట్టేవాళ్లం, వెంట వంట బండ్లు నడిపేవాళ్లం కలిసి ఈ ఉత్తరం రాస్తున్నాం. మాల వేసే రోజునే, ఊరంతా వింటుండగా, రెండు మాటలు మీ నోటితో చెప్పమని మిమ్మల్ని వేడుకుంటున్నాం. చెప్పులు వేసుకుని నడిస్తే దీక్షకు భంగం లేదు. నడవలేక మధ్యలో బస్సెక్కినా ముడుపు స్వామికే చేరుతుంది.

ఈ రెండూ మీరు చెబితేనే చెల్లుతాయి. డాక్టరు చెప్పినా, ఇంట్లోవాళ్లు బతిమాలినా మాల వేసుకున్న మనిషి వినడు. అరికాలు పొక్కిందని చెబితే పక్కన కూర్చోబెడతారేమో, ఊళ్లో నామోషీ అవుతుందేమో అని దాచుకుంటాడు. మొదటి రోజు రూపాయి బిళ్లంత ఉన్న పొక్కు మూడో రోజుకి అరికాలంతా చీముపట్టి బయటపడుతుంది. మొదటి రోజే చెప్పి ఉంటే పది నిమిషాల కట్టుతో పోయేది.

ముందు లెక్క చూడండి. అమలాపురం నుంచి 216 జాతీయ రహదారి పట్టుకుని రాజోలు, చించినాడ, నరసాపురం, మచిలీపట్నం, రేపల్లె, బాపట్ల, చీరాల మీదుగా ఒంగోలు చేరి, అక్కణ్ణుంచి 16వ నంబరు రహదారిలో నెల్లూరు, నాయుడుపేట, ఆపైన శ్రీకాళహస్తి, రేణిగుంట మీదుగా తిరుపతికి సుమారు 550 కిలోమీటర్లు. రోజుకి 22 కిలోమీటర్ల చొప్పున 25 రోజుల నడక. ఆరు రోజులకొక పూర్తి విశ్రాంతి కలిపితే 29 రోజులు. చాలా బృందాలు దీన్ని 18 రోజుల్లో ముగించాలని చూస్తాయి. కారణం భక్తి కాదు, తిరుగు రైలు టిక్కెట్టు. రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుచుకుంటుంది కాబట్టి మాల వేయకముందే తిరుగు ప్రయాణం తేదీ ఖాయమైపోతుంది. ఆ తేదీ వెనక నుంచి తరుముతుంటే రోజుకి 30, 32 కిలోమీటర్లు లాగుతారు. టిక్కెట్టు తీసుకునే ముందే నడక రోజులు లెక్కేసి, పైన మూడు రోజులు కలిపి అప్పుడు తేదీ పెట్టండి. రథసప్తమికే చేరాలని మొక్కుకోకండి. ఆ రోజు కొండ మీద ఒక్కరోజు బ్రహ్మోత్సవం, ఏడు వాహన సేవలు, ఎటు చూసినా జనమే. నెల రోజులు నడిచి వాచిన కాళ్లతో ఆ రద్దీలో గంటలకొద్దీ నిలబడటం పెద్దవాళ్ల వల్ల కాదు.

కార్తీక మాసంలో బయలుదేరాలనుకునే బృందాలకు ఒక మాట. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు నెల్లూరు వైపు ఈశాన్య రుతుపవనాల వాన. గోదావరి జిల్లాల్లో ఆకాశం తేటపడే వేళకి అక్కడ దంచికొడుతూ ఉంటుంది. తడి మేజోడుతో గంట నడిస్తే చాలు, చర్మం నాని ఊడివస్తుంది. జనవరి ఆఖరు, ఫిబ్రవరి మంచివి, కాకపోతే ఆ రోజుల్లో మంచు ఉంటుంది. దాని సంగతి కిందకి చెబుతాం.

ఇక బయలుదేరే రోజు. మేం చూసిన అనర్థాల్లో సగం అక్కడే మొదలవుతాయి. తెల్లవారుజామున తలస్నానం, ఉపవాసంతో పూజ, మేళతాళాలు, ఊరేగింపు, ఇంటింటా హారతి, కాళ్ల మీద నీళ్లు పోయడం. చివరి ఇల్లు దాటేసరికి పదకొండు గంటలు. అప్పటికే మనిషి ఏడు గంటలుగా నిలబడి ఉన్నాడు, కడుపులో తీర్థం తప్ప ఏమీ లేదు. ఆ ఎండలో, ఆ ఊపులో, తడి కాళ్లతో పాతిక కిలోమీటర్లు! మధ్యాహ్నం మూడింటికి కళ్లు తిరిగి పడిపోయేది ముసలివాళ్లు కాదు, ముప్ఫై ఏళ్ల కుర్రాళ్లు. పెద్దవాళ్లు ఆగుతారు, కుర్రాళ్లు ఆగరు.

ఊరేగింపు వద్దనడం లేదు. ఊరి వేడుక ఊరిదే. ముందు రోజు సాయంత్రం చేయండి, లేదా ఆ రోజు నడక పక్క ఊరి రామాలయం దాకా ఐదారు కిలోమీటర్లతో ఆపేయండి. పక్క ఊళ్లో రాత్రి నిద్ర చేసి, మర్నాడు తెల్లవారుజామున అసలు నడక మొదలుపెట్టండి. ఆ రోజు 12 కిలోమీటర్లు, తర్వాత 15, ఆ తర్వాత 18. నాలుగో రోజు నుంచి 22. పాదం చర్మం గట్టిపడటానికీ, పిక్కలు దారికి అలవాటు పడటానికీ ఆ మూడు రోజులు కావాలి. ఇంత నెమ్మదా అని కుర్రాళ్లు సణుగుతారు, సణగనివ్వండి.

అంతకు ముందు నెల రోజుల సాధన ఉంటేనే ఈ లెక్క నిలుస్తుంది. మొదటి వారం రోజు విడిచి రోజు 5 కిలోమీటర్లు, రెండో వారం 8, మూడో వారం 12. నాలుగో వారం వరసగా రెండు రోజులు పదిహేనేసి. ఈ వరస రెండు రోజులే అసలు పరీక్ష. ఒకరోజు పదిహేను ఎవరైనా నడుస్తారు, మర్నాడు అదే కాళ్లతో లేచి నడవగలిగారా లేదా అన్నది తేలాలి. నొప్పి మోకాలి పక్కనా, మడమ కిందా, పిక్కలోనా అన్నదీ అప్పుడే తెలుస్తుంది. బయలుదేరడానికి మూడు రోజుల ముందు నడక మానేయాలి. కాలవ గట్టు మీద సాధన హాయిగానే ఉంటుంది, మట్టి మెత్తన. కానీ వెళ్లేది తారు రోడ్డు మీద కాబట్టి సగం నడక తారు మీదే చేయించండి. మన నేలంతా పళ్లెంలా చదునుగా ఉండటం వల్ల ఎక్కే కండరాలకు పని ఉండదు, చివర్లో 3,550 మెట్లున్నాయి. వారానికి మూడు రోజులు మేడ మెట్లు ఇరవై సార్లు ఎక్కి దిగండి, లేదా దగ్గర్లోని వంతెన ఎత్తు మీద పైకీ కిందకీ తిరగండి.

పాదాల గురించి కాస్త విడమరిచి చెప్పాలి. పొక్కు రావడానికి తడి, వేడి, ఒరిపిడి మూడూ కలవాలి. మన స్వాములకు ఆ మూడూ తెల్లవారుజామున నాలుగింటికే కలుస్తాయి. చన్నీటి స్నానంతో కాళ్లు నాని, వేళ్ల సందుల్లో చర్మం తెల్లగా ముడతలు పడి ఉంటుంది. వెంటనే మేజోళ్లు తొడిగి బయలుదేరతారు. స్నానం మూడున్నరకి చేసి, పొడి తువ్వాలుతో ఒక్కో వేలి సందూ ఒత్తి, ఇరవై నిమిషాలు కాళ్లు గాలికి ఆరనిచ్చి, మడమకీ బొటనవేలి పక్కనా వాసెలిన్ పలచగా రాసి అప్పుడు తొడగాలి. రోజుకి రెండు జతలు, మధ్యాహ్నం మకాంలో జత మార్చాలి. నూలు మేజోడు చెమట పీల్చుకుని తడిగా ఉండిపోతుంది, ఆటల సామాను దుకాణాల్లో దొరికే పాలిస్టర్ రకం మేలు.

కొత్త బూట్లు వద్దు. కనీసం 80 కిలోమీటర్లు నడిచిన బూట్లయి ఉండాలి. నడుస్తుంటే పాదం ఉబ్బుతుంది కాబట్టి రోజూ వేసుకునేదానికన్నా ఒక నంబరు పెద్దవి, సాయంత్రం పూట వేసి చూసి కొనండి. వెనక పట్టీ ఉన్న శాండిళ్లయినా ఫరవాలేదు. హవాయి చెప్పులతో మాత్రం పంపకండి. చెప్పు జారకుండా వేళ్లు అడుగడుగునా బిగపట్టాలి, రెండు రోజుల్లో బొటనవేలి సందు పుండవుతుంది, ముంగాలు ఎముక సలుపుతుంది. గోళ్లు వారం ముందే అడ్డంగా, సమంగా కత్తిరించాలి. మూలలు లోపలికి కోస్తే గోరు కండలో దిగుతుంది.

ఎవరైనా వట్టికాళ్లతోనే నడుస్తామంటే వాళ్లకు తారు వేడి చెప్పండి. గాలి 32 డిగ్రీలున్న మధ్యాహ్నం నల్ల తారు 50 దాటుతుంది. వట్టికాళ్ల స్వాములంతా రోడ్డు అంచున తెల్లగీత మీద వరసగా నడుస్తూ కనబడతారు, గీత తారంత కాలదు కాబట్టి. లారీ టైరు తగిలేదీ ఆ గీత దగ్గరే. షుగరు ఉన్నవాళ్లయితే వట్టికాళ్లు వద్దే వద్దు, ఇందులో మొహమాటం లేదు. వాళ్ల పాదానికి స్పర్శ తగ్గి ఉంటుంది. గాజుపెంకు దిగినా తెలియదు, తారు కాలినా తెలియదు. రోజూ సాయంత్రం ఇంకొకరు టార్చి వేసి వాళ్ల అరికాళ్లు చూడాలి.

నడుస్తుండగా ఒకచోట మండుతోందంటే అప్పుడే ఆగాలి, ఊరు వచ్చాక చూద్దామనకూడదు. మండేచోట తుడిచి మెడికల్ టేపు ముడత లేకుండా అంటిస్తే పొక్కు రాదు. వచ్చేసిందా, చిన్నదైతే చిదపకండి, కప్పి ఉంచండి. అడుగు పడేచోట పెద్దదై నీరు బిగిస్తే, స్పిరిట్‌తో తుడిచిన కొత్త సూదితో అంచున రెండుచోట్ల పొడిచి నీరు ఒత్తేసి, పైచర్మం అలాగే ఉంచి, అయొడిన్ మందు రాసి కట్టు కట్టాలి. ఆ చర్మం పీకేస్తే ఐదు రోజులు నడక లేనట్టే. పసుపు, సున్నం, పేస్టు పూయకండి. షుగరు ఉన్నవాళ్ల పొక్కు మీరు ముట్టుకోవద్దు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లండి. పాదం పగిలిన వాళ్లను చేల నీళ్లలో, చెరువుల్లో దించకండి, ఎలుకల మూత్రం వల్ల వచ్చే జ్వరం పుండులోంచే ఎక్కుతుంది.

తొడల ఒరిపిడి గురించి ఎవరూ పైకి చెప్పరు. తడిసిన పంచె ఆరకుండానే కట్టుకుని నడిస్తే మధ్యాహ్నానికి రెండు తొడల లోపల చర్మం లేచిపోతుంది. పంచె లోపల మోకాలి పైదాకా బిగుతు నిక్కరు వేసుకుంటే ఆ బాధ ఉండదు.

రోడ్డు సంగతి. ఎదురుగా వచ్చే బండి కంటికి కనబడేలా కుడిపక్కన, ఒకరి వెనక ఒకరు నడవాలి. ఇద్దరిద్దరు కబుర్లు చెప్పుకుంటూ నడిస్తే రెండో మనిషి రోడ్డు మధ్యలో ఉన్నట్టే. ముందు మనిషికీ చివరి మనిషికీ మెరిసే జాకెట్టు, మిణుకు దీపం. చీకటి పడ్డాక నడక లేదు. నడక వేళలు తెల్లవారుజామున నాలుగున్నర నుంచి పది దాకా, సాయంత్రం నాలుగు నుంచి ఆరున్నర దాకా. మంచు పట్టిన రోజు గడియారం పక్కన పెట్టండి. నిలబడిన చోటు నుంచి రెండో కరెంటు స్తంభం కనబడకపోతే మకాం కదలకూడదు, ఏడైనా, ఎనిమిదైనా. వంట బండిని బృందం వెనక నత్తనడకన నడపకండి. లారీ వచ్చి దాన్ని గుద్దితే అది స్వాముల మీదికే వస్తుంది. ముందు మకాంకి వెళ్లి రోడ్డు దిగి ఆగాలి.

వంతెనల మీద మరీ జాగ్రత్త. బోడసకుర్రు దగ్గర వైనతేయ, చించినాడ దగ్గర వశిష్ఠ, లోసరి దగ్గర ఉప్పుటేరు, పులిగడ్డ దగ్గర కృష్ణ, నెల్లూరులో పెన్న. నది కనబడగానే చిల్లర వేయడానికీ, పసుపు కుంకుమలు వదలడానికీ మనవాళ్లు వంతెన మధ్యలో ఆగిపోతారు. అక్కడ పక్కకి తప్పుకోవడానికి చోటుండదు. రేవులోకి దిగి చేసుకోమనండి, లేదా అందరి చిల్లరా ఒకరి చేతికిచ్చి రేవుకి పంపండి. సఖినేటిపల్లి రేవులో పంటు (పెద్ద పడవ) మీద దాటి నరసాపురం చేరే బృందాలకు చించినాడ వంతెన బాధ లేదు.

రోడ్డు అంచుకి వాలు ఉంటుంది. రోజంతా ఒకే పక్కన నడిస్తే ఒక కాలు పల్లంలో, ఒక కాలు మెరకలో పడుతూ, నాలుగైదు రోజులకి మోకాలి బయటివైపు పట్టేస్తుంది. ఊళ్ల మధ్య చదునైన దారి దొరికినప్పుడల్లా రహదారి వదిలి అందులోంచి నడిపించండి. రెండు కిలోమీటర్లు చుట్టయినా పరవాలేదు. గంటకి పది నిమిషాలు ఆగి, బూట్లు విప్పి, కాళ్లు ఎత్తున పెట్టుకుని పడుకోవాలి.

తిండి, నీళ్లు. ఇరవై మంది బృందానికి తాగడానికే రోజుకి 80 లీటర్లు, అంటే 20 లీటర్ల డబ్బాలు నాలుగు. వంట నీళ్లు వేరు. చేపల చెరువుల ప్రాంతాల్లో బోరు నీళ్లు తాగించకండి. ఉత్త నీళ్లే తాగుతూ చెమటోడిస్తే ఒంట్లో ఉప్పు పడిపోయి తల దిమ్మెక్కుతుంది, వాంతి వస్తుంది. ఉప్పేసిన మజ్జిగ, కొబ్బరినీళ్లు, ఓఆర్ఎస్ కలిపి ఇవ్వండి. ఓఆర్ఎస్ ప్యాకెట్టు మీద ఎన్ని నీళ్లని ఉంటే అన్ని నీళ్లే, గ్లాసులో సగం పొడి కలపకూడదు. ప్యాకెట్టు లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, చెంచాలు తలగొట్టి. మూత్రం ముదురు పసుపైతే నీళ్లు చాలలేదని. టీ డికాషన్ రంగులోకి వస్తే ఆసుపత్రికే.

దీక్షలో ఏకభుక్తం పాటించేవాళ్లుంటారు. 60 కిలోల మనిషికి కిలోమీటరు నడకకి సుమారు 50 కేలరీలు ఖర్చు. 22 కిలోమీటర్లకి 1,100. ఒక్కపూట భోజనంతో అది తీరదు. భోజనం ఒక్కపూటే ఉంచి, తక్కిన వేళల్లో అటుకులు, బెల్లం, వేరుశనగ ఉండలు, అరటిపళ్లు పెట్టండి. దారిలో ప్రతి ఊరూ పులిహోర, చక్రపొంగలి, దద్దోజనంతో ఎదురొస్తుంది. గోదావరి జిల్లాల మర్యాద తెలిసిందే, కాదంటే నొచ్చుకుంటారు. ఉదయం వండి మూతపెట్టిన దద్దోజనం మధ్యాహ్నానికి ప్రమాదం. చింతపండు పులుసుతో కలిపిన పులిహోర కొంత నయం. ప్రసాదంగా చిటికెడు తీసుకుని, కడుపునిండా తినేది మాత్రం మన బండి దగ్గర వేడివేడిగా వండిందే అయితే సగం విరోచనాలు తగ్గుతాయి. బియ్యం మనిషికి పూటకి 150 గ్రాముల లెక్క, ఇరవై మందికి మూడు కిలోలు. గ్యాస్ సిలిండరు నిలువుగా కట్టాలి. బండిలో పొయ్యి వెలిగించకూడదు.

మందుల గురించి గట్టిగా చెప్పాల్సిందొకటుంది. సాయంత్రం మకాం దిగగానే నొప్పి ఇంజెక్షన్ పొడిపించుకుని మర్నాడు నడవడం అలవాటైపోయింది. చెమటతో నీరు ఆరిపోయిన ఒంట్లోకి రోజూ డైక్లోఫినాక్ లాంటి మందు వెళ్తే మూత్రపిండాలు దెబ్బతింటాయి. బీపీ మాత్రలు వాడేవాళ్లకు మరీ ముప్పు. నొప్పికి పారాసెటమాల్, చన్నీటి గుడ్డ, ఒకరోజు విశ్రాంతి. అప్పటికీ తగ్గకపోతే ఆ మనిషి నడవకూడదు. షుగరు, బీపీ ఉన్నవాళ్లు నడక రోజుల్లో మందు మోతాదు ఎంతో బయలుదేరేముందే తమ డాక్టరుని అడిగి రాయించుకోవాలి. నడకతో షుగరు పడిపోతుంది. చెమట, వణుకు, తికమక మాటలు కనబడగానే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, పావుగంట తర్వాత మళ్లీ చూడాలి. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకండి, 108కి ఫోను చేయండి. ఒక్క పిక్క మాత్రమే వాచి నొప్పి పెట్టినా, ఛాతీ బరువెక్కినా అంతే. కుక్క కరిస్తే సబ్బు పెట్టి పదిహేను నిమిషాలు ధార కింద కడిగి, ఆ రోజే ప్రభుత్వాసుపత్రిలో సూది వేయించాలి. అక్కడ చర్మం లోపలికి వేసే పద్ధతిలో తర్వాతి సూదులు 3, 7, 28 రోజులకి. చీటీ దగ్గరుంచుకుంటే దారిలో ఏ ఊళ్లోనైనా వేస్తారు.

మాతలు కూడా నడిచే బృందాలకు మరో విషయం. ఆడవాళ్లు దారిలో నీళ్లు తాగరు. మరుగు దొరకదని భయం. రెండు రోజుల్లో మూత్రంలో మంట, నాలుగో రోజు జ్వరం. కాబట్టి మకాంలు గుర్తించేటప్పుడే పెట్రోలు బంకులు, బస్‌స్టాండ్లు, మరుగుదొడ్డి ఉన్న రామాలయాలు కాగితం మీద రాసి, రెండు గంటల నడక లోపు ఒకటి ఉండేలా ఆగేచోట్లు పెట్టండి. ఆ కాగితం ఒక పెద్ద మాత చేతిలో ఉండాలి, గురుస్వామి జేబులో కాదు.

అలిపిరి చేరాక తొందరపడకండి. తిరుపతిలో ఒక రాత్రి పడుకుని, తెల్లవారి మెట్లు మొదలుపెట్టండి. గాలిగోపురం దాకా నిటారు, తర్వాత చాలా దూరం తేలిక, మళ్లీ మోకాళ్ల మెట్టు దగ్గర గట్టిది. 2023 ఆగస్టులో చిరుతపులి దాడిలో చిన్నపిల్ల చనిపోయాక నడకదారిలో పిల్లలకూ, వేళలకూ తితిదే ఆంక్షలు పెట్టింది. అవీ, దర్శనం టోకెన్లిచ్చే చోట్లూ మారుతూ ఉంటాయి కాబట్టి నెల్లూరు మకాంలోనే తాజా ప్రకటన చూసుకోండి. మెట్ల మీద ఆచారం కొద్దీ చెప్పులు విప్పుతారు. విప్పేముందు పాదాలు ఒకసారి చూడండి. తెరుచుకున్న పుండు ఉన్నవాళ్లు కొండపైకి బస్సులో వెళ్లాలి.

చివరిగా ఒక కాగితం పని. ఒక్కో స్వామి పేరు, వయసు, ఇంటి ఫోను, రక్తం గ్రూపు, వాడే మందులు, పడని మందులు ఒక తెల్లకాగితం మీద రాయించండి. దానికి మూడు నకళ్లు. ఒకటి మీ దగ్గర, ఒకటి ఊరి రామాలయంలో, ఒకటి ప్లాస్టిక్ కవరులో పెట్టి వంట బండి ముందు అద్దానికి లోపలివైపు అంటించండి. రోజూ మకాంలో హారతి అయ్యాక ఆ వరసలోనే పేర్లు పిలిచి, ఒక్కొక్కరి పాదాలూ చూడండి. ఇరవై మందికి అరగంట పడుతుంది.

ఇట్లు,
దారి శిబిరాల్లో కట్లు కట్టేవాళ్లు, వంట బండ్ల వాళ్లు